మాటల కోసం ఎదురుచూడకండి: చిన్న పిల్లల్లో ఆటిజం గుర్తులు ముందే కనిపెట్టడం ఎలా

మన ఇళ్లల్లో ఆటిజం అనుమానం దాదాపు ఎప్పుడూ మాట దగ్గరే మొదలవుతుంది. రెండేళ్లు నిండినా అమ్మా అనట్లేదు, పక్కింటి పాప వీడికన్నా మూడు నెలలు చిన్నది, అయినా గలగలా మాట్లాడేస్తోంది అని తల్లికి టెన్షన్ పట్టుకుంటుంది. ఆ మాట పైకి అన్న రోజే ఇంట్లో ఎవరో ఒకరు "వాళ్ల నాన్నకి కూడా మూడేళ్లకే మాటలొచ్చాయి, మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు, నువ్వు ఊరికే భయపడకు" అంటారు. అలా ఇంకో ఆరు నెలలు పోతాయి, ఒక్కోసారి ఏడాది. పోయే ఆ ఆరు నెలల కోసమే ఇది రాస్తున్నాను. మాట కన్నా ముందే కనిపించే గుర్తులు ఉన్నాయి. చాలామంది పిల్లల్లో అవి ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలోనే తెలుస్తాయి. వాటిని చూడటానికి డిగ్రీలు అక్కర్లేదు, రోజూ బిడ్డతో గడిపే మనిషికి ఏం చూడాలో తెలిస్తే చాలు.

ఇది చదివి మీ బిడ్డకి ఆటిజం ఉందని గానీ లేదని గానీ మీరు తేల్చలేరు, తేల్చకూడదు కూడా. అనుమానించాలా వద్దా, అనుమానం వస్తే ఈ వారం ఏం చేయాలి, అంతవరకే ఇక్కడ.

ఆటిజం జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. అది రెండు వైపులా కనిపిస్తుంది. ఒకటి, మనిషికీ మనిషికీ మధ్య నడిచే ఇచ్చిపుచ్చుకోవడంలో, అంటే చూపులో, నవ్వులో, సైగలో, మాటలో. రెండోది, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం, కొన్ని శబ్దాలూ రుచులూ స్పర్శలూ అస్సలు తట్టుకోలేకపోవడం లేదా అవే విపరీతంగా కోరుకోవడం. నిర్ధారణ చేయాలంటే రెండు వైపులా తేడా ఉండాలి. 1943లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో దీనికి ఈ పేరు స్థిరపడింది. రెండేళ్లకే ఇంగ్లిష్ అక్షరాలన్నీ చదివే పిల్లాడికీ ఉండొచ్చు, అయిదేళ్లకి ఒక్క మాటా రాని పిల్లకీ ఉండొచ్చు, అందుకే దీన్ని స్పెక్ట్రమ్, అంటే ఒక్కొక్కరిలో ఒక్కో స్థాయిలో కనిపించేది అంటారు.

మొదటి అడుగు: వేలు చూడండి, ఆ తర్వాత కళ్లు చూడండి

నన్నడిగితే అన్నిటికన్నా విలువైన గుర్తు ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతాను.

మేడ మీద బిడ్డని చంకనేసుకుని "అదిగో చందమామ" అని చూపిస్తూ అన్నం తినిపించడం మనకి అలవాటే. ఆ సమయంలో బిడ్డ ఏం చేస్తోందో గమనించండి. మీ వేలు ఎటు చూపిస్తోందో అటు చూసి, చందమామని చూసి, మళ్లీ మీ ముఖం వైపు తిరిగి "నువ్వూ చూశావా" అన్నట్టు చూస్తుందా? సాధారణంగా ఏడాది దాటేసరికి పిల్లలు ఇలా చేస్తారు. ఒక వస్తువు, ఒక మనిషి, ఆ రెంటి మధ్య తిరిగే చూపు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో మొట్టమొదట తగ్గేది ఈ చూపే. వేలు పెట్టి చూపిస్తే వేలినే చూస్తారు, లేదా అసలు పట్టించుకోరు.

ఇప్పుడు బిడ్డ వేలు సంగతి. పిల్లలు వేలు చూపించడంలో రెండు రకాలున్నాయి. బిస్కెట్ డబ్బా వైపు చూపించి కావాలని అడగడం ఒకటి. వీధిలో కుక్క పోతుంటే, పైన విమానం పోతుంటే, తనకేమీ అక్కర్లేకపోయినా మీకు చూపించాలని చూపించడం రెండోది. ఈ రెండోది ఏడాదిన్నరకి వచ్చి ఉండాలి. అడగడానికి మాత్రమే వేలు వాడుతూ పంచుకోవడానికి ఎప్పుడూ వాడకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అడగడానికి కూడా వేలు వాడకపోతే ఇంకా ముందే డాక్టర్‌కి చూపించాలి.

వేలుకి బదులు కొందరు పిల్లలు మన చేతిని వాడతారు. అమ్మ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, ఆ చేతిని తలుపు మీద పెట్టి, తెరిచేదాకా నిలబడతారు. ఇంతలో ఒక్కసారి కూడా అమ్మ ముఖంలోకి చూడరు. "ఎంత తెలివో చూడు" అని ఇంట్లో మురిసిపోతారు. తెలివి ఉంది, నిజమే. కానీ అక్కడ అమ్మని అడగడం లేదు, అమ్మ చేయి మాత్రం వాడుకోవడం జరుగుతోంది. చేయి పట్టుకుని లాగుతూ మధ్యమధ్యలో ముఖంలోకి చూసి ఏదో శబ్దం చేసే బిడ్డ వేరు.

రెండో అడుగు: వయసు పక్కన పెట్టుకుని పోల్చండి

పక్కింటి పిల్లతో పోల్చకండి, వయసుతో పోల్చండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే రెండేళ్ల వరకూ పుట్టిన తేదీ నుంచి కాకుండా, డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కపెట్టండి.

ఆరు నెలలకి, మీరు ముఖం దగ్గర పెట్టి పలకరిస్తే బోసినోటితో విప్పారి నవ్వాలి. "ఉంగా" అంటే తనూ ఉంగా అనాలి. తొమ్మిది నెలలకి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి, దోబూచులాడితే నవ్వాలి, కొత్తవాళ్లని చూసి కొంచెం బెదరాలి, మీరు గదిలోంచి వెళ్తుంటే చూడాలి లేదా ఏడవాలి. చంకెక్కడానికి చేతులు చాపడం కూడా ఈ రోజుల్లోనే చూస్తాం.

ఏడాదికి మనవాళ్లు నేర్పించే చిన్న చిన్న పనులన్నీ అసలు మంచి పరీక్షలే. టాటా చెప్పమంటే చేయి ఊపడం, జేజకి దండం పెట్టమంటే చేతులు జోడించడం, చప్పట్లు కొట్టడం, ముద్దు ఇమ్మంటే బుగ్గ మీద మూతి ఆనించడం. ఇవి సైగలు. మాటలకి దారి వేసేవి ఇవే. ఏడాది దాటి రెండు మూడు నెలలైనా ఒక్క సైగా రాకపోతే, మాట సంగతి పక్కన పెట్టి సైగల గురించే డాక్టర్‌తో మాట్లాడండి. ఆ వయసుకి బ-బ-బ, ద-ద-ద లాంటి ముద్దు పలుకులు కూడా వస్తూ ఉండాలి.

పదహారు నెలలకి ఒక్క మాట కూడా లేకపోవడం, రెండేళ్లకి తనంతట తానుగా రెండు మాటలు కలిపి ("నాన్న ఆఫీస్", "పాలు వద్దు") అనకపోవడం, ఈ రెండూ ఆగకూడని హద్దులు. తనంతట తానుగా అని ఎందుకన్నానంటే, టీవీ ప్రకటన మొత్తం అప్పచెప్పే పిల్లలు, ఇంగ్లిష్ రైమ్స్ చివరిదాకా పాడే పిల్లలు దాహం వేస్తే "నీళ్లు" అని అడగలేకపోవచ్చు. నంబర్లు వందదాకా చెప్పడం, కార్ల కంపెనీల గుర్తులు చెప్పడం మాట్లాడటం కింద లెక్కలోకి రావు. ఇంకో మనిషితో పని పడి, ఆ మనిషి వైపు తిరిగి అన్న మాటే మాట.

ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య నటించే ఆట మొదలవుతుంది. ఖాళీ గ్లాసుతో తాగినట్టు, బొమ్మకి అన్నం పెట్టినట్టు, రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని "హలో" అన్నట్టు. అది కనిపించకపోతే రాసి పెట్టుకోండి.

మూడో అడుగు: మళ్లీ మళ్లీ చేసే పనులు, ఇంద్రియాల తేడాలు

తిరిగే సీలింగ్ ఫ్యాన్ కింద పడుకుని దాన్నే చాలాసేపు చూడటం. కారు బొమ్మని నడపకుండా తిరగేసి చక్రాలు తిప్పుతూ ఉండటం. గిన్నె మూతలు గిర్రున తిప్పడం, వస్తువులన్నీ ఒకే వరసలో పేర్చి ఎవరైనా ఒక్కటి కదిపితే గగ్గోలు పెట్టడం. సంతోషం వచ్చినా కంగారు వచ్చినా చేతులు రెక్కల్లా ఆడించడం, మునికాళ్ల మీద నడవడం, కంటి చివర నుంచి గీతల్ని, అంచుల్ని చూడటం.

ఇంద్రియాల వైపు చూస్తే, కుక్కర్ విజిల్, మిక్సీ మోత వినగానే చెవులు మూసుకుని పరుగెత్తే పిల్లలు ఉంటారు. పెళ్లిలో బ్యాండు మొదలవగానే గంటసేపు ఆగని ఏడుపు. క్షవరం, గోళ్లు తీయడం, తల రుద్దడం ప్రతిసారీ యుద్ధమే. తెల్లన్నం, పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టుకోకపోవడం, పప్పు కలిపితే వాంతి చేసుకోవడం. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, కింద పడి మోకాలు చీరుకున్నా ఏడవని పిల్లలు, ఇసుకో సుద్దో గోడ సున్నమో నోట్లో పెట్టుకునే పిల్లలు కూడా ఉంటారు (మట్టి తినడం రక్తహీనత వల్ల కూడా వస్తుంది, ఆ పరీక్ష కూడా చేయించాలి).

ఇక్కడ భయపడిపోకండి. చేతులు ఆడించడం, మునికాళ్ల మీద నడవడం, తిండి దగ్గర పేచీ మామూలు పిల్లల్లోనూ కొన్నాళ్లు ఉంటాయి. వీటిలో ఒక్కటి మాత్రమే ఉండి, మొదటి అడుగులో చెప్పిన చూపు, వేలు, పంచుకోవడం బాగుంటే ఆటిజం అయ్యే అవకాశం తక్కువ. రెండు వైపులవీ కలిసి కనిపించినప్పుడు ఆగకండి.

ఆడపిల్లల విషయంలో అదనంగా జాగ్రత్త అవసరం. ఆటిజం మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువగా బయటపడుతుంది కానీ, ఆడపిల్లల్లో చాలామందిని మనం గుర్తించకుండా వదిలేస్తున్నాం. పాప ఒక మూల కూర్చుని బొమ్మల్ని సర్దుకుంటుంటే బుద్ధిమంతురాలు అంటాం. ఎవరితోనూ మాట్లాడకపోతే సిగ్గు అంటాం. వేరే పిల్లల్ని చూసి అచ్చం అలాగే చేసి నెట్టుకొచ్చే ఆడపిల్లలు బడికెళ్లి చాలా ఏళ్లయ్యాక గానీ బయటపడరు.

నాలుగో అడుగు: వచ్చినవి పోతే ఒక్క రోజు కూడా ఆగొద్దు

ఏడాదిదాకా అన్నీ బాగానే ఉండి, అత్తా, తాతా అని అన్న బిడ్డ ఏడాదిన్నర చుట్టుపక్కల ఆ మాటలు మానేసి, పిలిస్తే చూడటం మానేసి, టాటా చెప్పడం మానేయడం కొందరిలో జరుగుతుంది. దీన్ని ఎక్కువగా ఇంట్లో జరిగిన ఏదో ఒకదానికి ముడిపెడతారు. చెల్లి పుట్టిందని, ఊరు మారామని, జ్వరం వచ్చిందని, దిష్టి తగిలిందని. ఏ వయసులోనైనా, ఏ కారణం కనిపించినా, వచ్చిన మాట గానీ సైగ గానీ పోయిందంటే వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆటిజం కాకుండా మూర్ఛకి సంబంధించిన సమస్యలూ, ఆడపిల్లల్లో రెట్ సిండ్రోమ్ అనే జన్యు సమస్య లాంటివీ ఇలాగే మొదలవుతాయి, వాటికి పరీక్షలు వేరు.

టీకా మీద అనుమానం పుట్టేదీ ఇక్కడే. మన దేశంలో మీజిల్స్-రుబెల్లా టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు, సరిగ్గా గుర్తులు బయటపడే రోజులు కూడా అవే. అందుకని టీకా వల్లే అయిందనిపిస్తుంది. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అలా అంటూ రాసిన పేపర్‌ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది, అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా రద్దయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల్ని గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకాకీ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. దయచేసి టీకాలు ఆపకండి.

అయిదో అడుగు: ఇంట్లో గమనించి, రికార్డు చేయండి

డాక్టర్ దగ్గర దొరికేది పదిహేను నిమిషాలు. కొత్త గది, కొత్త మనిషి, బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. ఆ పదిహేను నిమిషాల్లో ఏదీ తెలియదు. అందుకే ఒక వారం పాటు ఇంట్లోనే చూసి పెట్టుకోండి.

బిడ్డ ఆడుకుంటుండగా, ఫోనూ టీవీ ఆపేసి, వెనకనుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. మూడు నాలుగు సార్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషులు. చాక్లెట్ కవర్ చప్పుడుకి గది అవతల నుంచి పరుగెత్తుకొచ్చి, పేరు పిలిస్తే మాత్రం కదలని బిడ్డ అయితే అదే రాయండి. ఇంకోసారి గది అవతలి గోడ మీదున్న బొమ్మని వేలితో చూపించి "అదిగో చూడు" అనండి, ఎటు చూస్తుందో గమనించండి. మీ వేలికి దెబ్బ తగిలినట్టు "అబ్బా" అని ముఖం ముడిచి చూడండి, మీ ముఖం వైపు చూస్తుందా? చక్కిలిగింతలు పెట్టి మధ్యలో ఆపేయండి, ఇంకా కావాలని మీ వైపు చూసి ఏదైనా చేస్తుందా? "ముక్కేదీ" అంటే చూపిస్తుందా, చేతిలోది "ఇటివ్వు" అని మీరు వేలు పెట్టి చూపించకుండా అడిగితే ఇస్తుందా?

ఇవన్నీ ఒక్కొక్కటి నిమిషం చొప్పున వీడియో తీయండి. పిలిచినప్పుడు, ఒంటరిగా ఆడుకునేటప్పుడు, అన్నం దగ్గర, వేరే పిల్లలున్న చోట. ఫ్యాన్ చూడటం లాంటివి జరిగినప్పుడు కూడా. పాత వీడియోలు, మొదటి పుట్టినరోజువి వెతికి పెట్టుకోండి, వచ్చినవి పోయాయా లేక అసలు రాలేదా అన్నది వాటిలోనే తేలుతుంది. నోట్‌బుక్‌లో "మాట్లాడట్లేదు" అని రాయకుండా, ఏం అంటోంది, ఎప్పుడు, ఎవరితో అని రాయండి.

ఆరో అడుగు: వినికిడి పరీక్ష

పిలిస్తే పలకని బిడ్డకి ముందు చెవులు చూపించాలి. టీవీ పాటకి పరుగెత్తుకొస్తుంది కాబట్టి బాగా వినిపిస్తోంది అనుకోకండి. కొన్ని రకాల శబ్దాలు మాత్రమే వినిపించే పిల్లలుంటారు, చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గే పిల్లలుంటారు. ఓఏఈ, బేరా అనే పరీక్షలు బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో అడగండి. వినికిడి బాగుందని తేలినా ఆ కాగితం వృథా కాదు, తర్వాత వెళ్లే ప్రతి చోటా మొదట అడిగేది అదే.

ఏడో అడుగు: స్క్రీన్ ఆపండి, కానీ ఆపి ఎదురు చూడకండి

ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద మింగని పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల మధ్య రోజుకి గంట మించొద్దనీ చెబుతుంది. రోజంతా ఫోన్ ముందు గడిపే బిడ్డకి మాటా చూపూ వెనకబడొచ్చు, ఆపాక కొందరిలో తేడా కూడా వస్తుంది. దీన్నే "వర్చువల్ ఆటిజం" అని యూట్యూబ్‌లో తెగ చెబుతున్నారు. అలాంటి పేరుతో నిర్ధారణ ఏదీ లేదు. నాకు కోపం తెప్పించేది ఈ మాట చుట్టూ పుట్టిన భరోసా. "ఫోన్ వల్లే, ఆపేస్తే ఆరు నెలల్లో మామూలైపోతాడు" అని విని ఎంతమంది తల్లులు ఆ ఆరు నెలలు ఇంట్లోనే ఉండిపోతున్నారో. ఫోన్ ఈ రోజే ఆపండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా ఈ రోజే తీసుకోండి. నిజంగా ఫోన్ వల్లే అయితే అపాయింట్‌మెంట్ నాటికే కొంత మార్పు కనిపిస్తుంది, నష్టమేమీ లేదు.

ఎనిమిదో అడుగు: ప్రశ్నావళి, తర్వాత సరైన మనిషి

16 నుంచి 30 నెలల పిల్లలకి ఎమ్-చాట్ అనే ప్రశ్నావళి ఉంది. 20 ప్రశ్నలు, అవును కాదు అని చెప్పాలి, డబ్బులు కట్టక్కర్లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. మార్కులు 0 నుంచి 2 మధ్య ఉంటే అవకాశం తక్కువ, 3 నుంచి 7 అయితే డాక్టరో థెరపిస్టో ఆ ప్రశ్నలే వివరంగా మళ్లీ అడగాలి, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకి పంపాలి. బిడ్డ ఎప్పుడో ఒకసారి చేసిన పనికి "అవును" అని రాయకండి, మామూలుగా రోజూ చేస్తేనే రాయండి. ఇది వడపోత మాత్రమే, ఎక్కువ మార్కులు వచ్చిన వాళ్లందరికీ ఆటిజం ఉండదు. తక్కువ వచ్చినా మీ అనుమానం తీరకపోతే ఆగాల్సిన పని లేదు.

పూర్తి పరీక్ష చేసేది డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్), పిల్లల న్యూరాలజిస్ట్, పిల్లల సైకియాట్రిస్ట్, లేదా క్లినికల్ సైకాలజిస్ట్. రక్త పరీక్షతో గానీ స్కానింగ్‌తో గానీ ఆటిజం తేలదు. వాటిని వేరే కారణాలు ఉన్నాయేమో చూడటానికి చేయిస్తారు. మన దేశంలో వాడే ఐ.ఎస్.ఎ.ఎ. అనే ఆటిజం అంచనా స్కేల్‌లో 40 అంశాలు ఉంటాయి. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. దాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లు నేరుగా అక్కడికే వెళ్లొచ్చు, నెల్లూరులో వైకల్యం ఉన్నవాళ్లకి సేవలందించే కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది.

డబ్బు ఇబ్బంది అయినా, ఊరు దూరమైనా, అంగన్‌వాడీ నుంచి మొదలుపెట్టండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బడులకి ఒకసారి రావాలి. వాళ్లు చూసే జాబితాలో ఆటిజం కూడా ఉంది. వాళ్లు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపుతారు, అక్కడ సేవలు ఉచితం. ఆశా కార్యకర్తకి, అంగన్‌వాడీ టీచర్‌కి మీరే చెప్పండి, వాళ్లు వచ్చి గుర్తుపడతారని కూర్చోకండి.

డాక్టర్ "ఇంకా చిన్నవాడు, చూద్దాం" అంటే, ఎప్పటిదాకా చూడాలో తేదీ అడగండి. రెండు మూడు నెలలు మించి చెబితే వేరే డాక్టర్‌కి చూపించండి. ఇందులో మొహమాటం వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లతో

అత్తగారికో మామగారికో ఆటిజం అన్న మాట చెప్పి ఒప్పించాలని మొదటే ప్రయత్నించకండి, ఆ గొడవలోనే నెల గడిచిపోతుంది. "అత్తయ్యా, పిలిస్తే పలకట్లేదు కదా, ఒకసారి చెవులు చూపించి వద్దాం" అంటే ఎవరూ కాదనరు. వీడియోలు పక్కన కూర్చుని చూపించండి. వస నాకించాలంటే, నాలుక కింద తీగ కోయించాలంటే, మొక్కు మొక్కుకోవాలంటే పోట్లాడక్కర్లేదు. మొక్కు మొక్కుకోండి. వస వల్ల గానీ తీగ కోయడం వల్ల గానీ చూపూ సైగలూ రావని మాత్రం గట్టిగా చెప్పండి. తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్ల, తల్లి ప్రేమగా ఉండకపోవడం వల్ల ఆటిజం రాదు. అలాంటి సిద్ధాంతం ఒకప్పుడు పెద్ద డాక్టర్లే చెప్పారు, అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. ఇంట్లో తల్లిని ఎవరైనా అలా అంటుంటే, ఆపాల్సింది బిడ్డ తండ్రి.

తొమ్మిదో అడుగు: నిర్ధారణ రాకముందే మొదలుపెట్టండి

అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు. ఆ వారాలు ఖాళీగా పోనివ్వకండి. నేలమీద కూర్చుని మీ ముఖం బిడ్డ ముఖం ఎదురుగా ఉండేలా ఆడండి. బిడ్డ చేసేది మీరూ చేయండి, తను చక్రం తిప్పితే మీరూ తిప్పండి, తను ఒక శబ్దం చేస్తే అదే శబ్దం మీరూ చేయండి, చాలామంది పిల్లలు మనల్ని మొదటిసారి ఆసక్తిగా చూసేది అప్పుడే. ఇష్టమైన వస్తువు కనపడేలా, అందకుండా పెట్టండి. అడగకముందే ఇచ్చేయకండి, ఒక చూపో, చేయి చాపడమో, శబ్దమో వచ్చేదాకా కొన్ని క్షణాలు ఆగి, రాగానే ఇచ్చేయండి. ఏడిపించడం ఇందులో భాగం కాదు. బిడ్డ ఏది చూస్తోందో దాని పేరే చెప్పండి, పొడుగు వాక్యాలు వద్దు, "బంతి", "బంతి వెయ్యి", అంతే. "ఇదేంటి, అదేంటి" అని ప్రశ్నలతో వేధించకండి.

ఇది ఉబుసుపోక చెబుతున్నది కాదు. ఆస్ట్రేలియాలో తొలి గుర్తులు కనిపించిన 9 నుంచి 14 నెలల పిల్లలు సుమారు 100 మందిని తీసుకుని, సగం మంది తల్లిదండ్రులకి బిడ్డ సంకేతాలు గమనించి స్పందించడం వీడియోల సాయంతో నేర్పించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్లకి ఆటిజం నిర్ధారణ అయినవాళ్లు నేర్చుకున్న కుటుంబాల్లో 6.7 శాతం, మిగతావాళ్లలో 20.5 శాతం. చిన్న అధ్యయనమే, ఆటిజం "నయమైంది" అని దీనర్థం కాదు. గుర్తులు కనిపించగానే మొదలుపెడితే బిడ్డకి అవసరమైన సాయం తగ్గే అవకాశం ఉందని మాత్రం చెబుతోంది.

థెరపీ మొదలయ్యాక స్పీచ్ థెరపిస్ట్‌కి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి, క్లినికల్ సైకాలజిస్ట్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. మిమ్మల్ని గది బయట కూర్చోబెట్టి, లోపల ఏం చేస్తున్నారో చెప్పని చోట ఉండొద్దు. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స పేరుతో లక్షలు అడిగేవాళ్లని నమ్మకండి, నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022లోనే ఆటిజానికి ఇది వద్దని చెప్పింది. ఒంట్లో లోహాలు తీస్తామనే కీలేషన్ ప్రాణాలకే ముప్పు, 2005లో అమెరికాలో ఒక పిల్లాడు దాని వల్ల చనిపోయాడు. నెలల్లో పూర్తిగా పోగొడతాం అనే ప్రకటన ఎంత పెద్దదైతే అంత దూరంగా ఉండండి.

నిర్ధారణ అయితే సదరం శిబిరం ద్వారా వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు తీసుకోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, చాలా సౌకర్యాలకి 40 శాతం వైకల్యం నమోదు కావాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి, అందులో థెరపీ కూడా ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల గురించి ప్రభుత్వ బడిలో అడగండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. మూడేళ్ల లోపు బిడ్డకి మీ రాష్ట్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ ఆఫీసుకి మీరే ఫోన్ చేయొచ్చు, డాక్టర్ ఉత్తరం అక్కర్లేదు, పరీక్ష ఉచితం. మూడేళ్లు దాటితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడగండి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడమని ఎవరైనా చెబితే వినకండి. రెండు భాషల వల్ల ఆటిజం రాదు, ఉన్నది పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మమ్మతో, నాయనమ్మతో వీడియో కాల్‌లో బిడ్డకి అర్థమయ్యే భాష ఒకటి ఉండాలి కదా.

పెద్ద బిడ్డకి ఆటిజం ఉండి, ఇంకో బిడ్డ పుడితే, ఆ బిడ్డకి కూడా వచ్చే అవకాశం అయిదుగురిలో ఒకరికి ఉంటుంది. కాబట్టి చిన్నబిడ్డ విషయంలో ఎవరో గుర్తుపట్టేదాకా ఆగకుండా, తొమ్మిదో నెల టీకాకి వెళ్లిన రోజే డాక్టర్‌కి అన్నయ్య సంగతో అక్క సంగతో చెప్పి, ఏడాదికి, ఏడాదిన్నరకి, రెండేళ్లకి ఆటిజం కోసమే ప్రత్యేకంగా చూడమని అడిగి, ఆ తేదీలు టీకా కార్డు మీదే రాయించుకోండి.